పక్క వాటా పొగ మన ఇంట్లోకి వస్తుంటే: బాడుగ ఇళ్లలో ఉండేవారు వరుసగా చేయవలసిన పనులు

అనంతపురంలో ఒకే కాంపౌండులో నాలుగైదు వాటాలుండే ఇళ్లలో బాడుగకు ఉండేవారు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. పక్క వాటా నుంచి పొగ వస్తోంది, ఓనరు సర్దుకొమ్మంటున్నాడు, పక్కవాళ్లతో మాట్లాడితే మాట తెగిపోయేలా ఉంది, ఏం చేయాలి? కర్నూలు పాతబస్తీలో, కడప చిన్నచౌకులో ఉన్న బంధువులు కూడా ఇదే అడుగుతున్నారు. అందుకే చేయవలసిన పనులను వరుసగా రాస్తున్నాను.

ఈ వరుసలో ముఖ్యమైనది మొదటి మెట్టు. పొగ పెట్టేవారితో మాట్లాడడానికి ముందే, ఆ పొగ మీ ఇంట్లోకి ఏ వేళకు, ఏ దారిన వస్తున్నదో మీరు కనిపెట్టాలి. నేను ఈ పని చేయకుండానే పక్క వాటాలో ఉండే అవ్వతో మాట పట్టింపు తెచ్చుకున్నాను. ఆమె మెట్ల కింద కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచుకునేది. పొగ బయటికి పోతుందని నేను వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉదయమంతా వేసి ఉంచేవాణ్ని. చాలా నెలల తర్వాత తెలిసిందేమిటంటే, కిటికీలన్నీ మూసిన ఇంట్లో ఆ ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి మెట్ల వైపు తలుపు సందులోంచి పొగతో కూడిన గాలి లోపలికి వస్తున్నది. అంటే పొగ పుట్టింది అవ్వ పొయ్యిలోనే అయినా, దాన్ని మా ఇంట్లోకి లాగుతున్నది మా ఫ్యానే.

కావలసినవి: ఒక నోటు పుస్తకం, అగరుబత్తీలు, అగ్గిపెట్టె, తలుపు అడుగున అంటించే రబ్బరు పట్టీ, కిటికీ రెక్కలకు అంటించే ఫోమ్ టేపు, పైపుల చుట్టూ పూడ్చడానికి ఎం-సీల్ లేదా తెల్ల సిమెంటు, పాత తెల్లని నూలు గుడ్డ, మీ బాడుగ అగ్రిమెంటు కాపీ. పట్టీలు, టేపులు హార్డ్‌వేర్ అంగళ్లలో దొరుకుతాయి. వాటికి ఇప్పుడే డబ్బు పెట్టకుండా పాత చీరను చుట్టగా చుట్టి తలుపు అడుగున పెట్టి చూసి, పొగ తగ్గితేనే పట్టీ కొనండి.

1. రెండు వారాలు చిట్టా రాయండి.

తేదీ, పొగ మొదలైన వేళ, ఆగిన వేళ, వాసన ఎలాంటిది, గాలి ఎటు నుంచి వీస్తోంది, ఇంట్లో ఎవరికి దగ్గు లేదా కళ్ల మంట వచ్చింది అనే వివరాలు రోజూ రాయండి. వాసనను బట్టి రకం తెలుసుకోవడం కష్టం కాదు. కట్టెల పొగ, బీడీ పొగ, దోమల చుట్ట పొగ, కోడిగుడ్ల అట్టలు కాల్చిన పొగ, ప్లాస్టిక్ కాలిన ఘాటు వేటికవే వేరుగా ఉంటాయి. రకం తెలియకుండా పరిష్కారం వెతకకండి, ఎందుకంటే నీళ్లకాగు కింది పొగకు పనికివచ్చే మాట బీడీ పొగకు పనికిరాదు.

కాలాన్ని కూడా గమనించండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన వైపు పడమటి గాలి బలంగా వీస్తుంది కాబట్టి, పడమర వాటాలో ఉన్నవారి పొగ తూర్పు వాటాలోకి వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా ఉండి పైకి లేవదు కాబట్టి, పొగ కాంపౌండులోనే తెరలా నిలిచిపోతుంది. అదే పొయ్యి ఎండాకాలంలో అంత ఇబ్బంది పెట్టకపోవడానికి కారణం ఇదే. కనుక సంక్రాంతి నెలలో రాసిన చిట్టాను చూపించి ఏడాది పొడవునా ఇలాగే ఉందని వాదించకండి.

2. పొగ వచ్చే దారిని కనిపెట్టండి.

పొగ వచ్చే వేళకు ఇంట్లోని ఫ్యాన్లు, కూలర్ అన్నీ ఆపి, కిటికీలు మూసి, అగరుబత్తి వెలిగించి ప్రతి సందు దగ్గర అర నిమిషం కదలకుండా పట్టుకోండి. పొగ తీగ నిటారుగా లేస్తే అక్కడ గాలి రావడం లేదు. గదిలోకి వాలితే అదే దారి. సందు వైపు వాలి బయటికి పోతుంటే, అక్కడ మీ ఇంటి గాలి వెళ్లిపోతోంది. పరదాలకు, గ్యాస్ పొయ్యికి దూరంగా చేయండి. గ్యాస్ వాసన ఏమాత్రం వస్తున్నా అగ్గిపుల్ల గీయకండి.

తలుపు, కిటికీ దగ్గర చూసి ఊరుకోవద్దు. వాటా ఇళ్లలో దొంగ దారులు ఎక్కువ. ఉమ్మడి గోడలో వైర్ల కోసం వేసిన పైపులు, బాత్‌రూమ్ వెంటిలేటర్, సింకు కింద పైపు దూరిన రంధ్రం, అపార్టుమెంట్లలో బాత్‌రూములన్నీ తెరుచుకునే డక్టు, పాత మట్టి మిద్దెల పైకప్పులో గాలి, వెలుతురు కోసం ఉంచే గవాక్షి, వీటన్నిటినీ చూడాలి. గవాక్షి ఉన్న ఇంట్లో వేడి గాలి పైనుంచి పోతూ ఉంటుంది కాబట్టి, కింద వీధి తలుపు సందులోంచి బయటి గాలి తప్పకుండా లోపలికి వస్తుంది. కింది వాటాలో పొయ్యి వెలిగితే ఆ పొగ డక్టు వెంట పైకి లేచి, మధ్య అంతస్తును దాటి రెండో అంతస్తు వెంటిలేటర్లో దూరడం కూడా ఉంది. వాసన ఎక్కువగా వచ్చే చోటే దారి అనుకుంటే పొరపాటు.

తర్వాత ఇదే పరీక్షను ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి మళ్లీ చేయండి. ఫ్యాన్ వేయగానే అగరుబత్తి పొగ లోపలికి బలంగా వాలితే, సమస్యలో సగం మీ చేతుల్లోనే ఉంది.

3. గాలి దిశ మార్చండి.

దీనికి పైసా ఖర్చు లేదు, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది కూడా ఇదే. పొగ ఉన్నంతసేపూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపండి. పొగ లేని వైపు కిటికీ ఒకటి తెరిచి, టేబుల్ ఫ్యాన్‌ను ఆ కిటికీలో లోపలికి వీచేలా పెట్టండి. బయటి మంచి గాలి ఇంట్లోకి నిండితే, ఆ ఒత్తిడికి సందుల్లోంచి గాలి బయటికి పోతుందే తప్ప పొగ లోపలికి రాదు. ఇప్పుడు అగరుబత్తి పట్టుకొని చూస్తే పొగ సందు వైపు వాలాలి.

కిటికీకి బిగించే ఎయిర్ కూలర్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే అది పొగ లేని వైపు కిటికీలో ఉండాలి. మెట్ల వైపో, పక్కింటి పొయ్యి వైపో కూలర్ బిగించి ఉంటే, అది పొగనే లాగి గదినిండా పంచుతుంది. కూలర్ గడ్డి తడిగా ఉంటుంది కాబట్టి పొగను ఆపుతుందని కొందరు నమ్ముతారు. దుమ్మును కొంత పట్టుకుంటుందేమో గానీ, పొగలోని సన్నని రేణువులను ఆ గడ్డి ఆపలేదు. 40 డిగ్రీల ఎండలో కిటికీలు మూసుకొని కూర్చోవడం మన ఊళ్లలో సాధ్యం కాదు కాబట్టి, కూలర్‌ను వేరే కిటికీకి మార్చుకునే శ్రమ పడండి.

4. సందులు మూయండి, కానీ వీటిని మాత్రం మూయకండి.

రెండో మెట్టులో దొరికిన దారులనే మూయండి. వీధి తలుపు అడుగున రబ్బరు పట్టీ, కిటికీ రెక్కలకు ఫోమ్ టేపు, పైపు దూరిన చోట ఎం-సీల్ సరిపోతాయి. స్విచ్‌బోర్డులోంచి గాలి వస్తుంటే మీరు విప్పకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. గోడకు రంధ్రం పెట్టే పని ఏదైనా ఉంటే ఓనరుకు ముందే చెప్పండి, లేకపోతే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో పట్టుకుంటారు.

ప్రాణం మీదికి వచ్చే పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. వంటగ్యాస్ గాలికంటే బరువైనది, లీకయితే నేల దగ్గరే పేరుకుంటుంది. కాబట్టి సిలిండర్ ఉన్న గదిలో తలుపు అడుగు సందును, కింది జాలీని ఎప్పుడూ మూయకూడదు. బాత్‌రూములో గ్యాస్ గీజరు ఉంటే దాని వెంటిలేటర్‌ను పొగ పేరు చెప్పి అట్టతో కప్పకండి. గాలి ఆడని చోట గ్యాస్ సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. బొగ్గుల కుంపటిని, సాంబ్రాణి ధూపాన్ని మూసిన పడకగదిలో పెట్టుకోవడం కూడా ఇలాంటి ప్రమాదమే. పొగతో పాటు తలనొప్పి, వికారం, తల తిరగడం ఇంట్లో ఒకరికి మించి వస్తే వెంటనే అందరూ బయటికి వచ్చి 108కి ఫోన్ చేయండి. గ్యాస్ లీకుకు 1906, నిప్పుకు 101 నంబర్లను గోడ మీద రాసి ఉంచుకోండి.

ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా అని చాలామంది అడుగుతారు. హెపా ఫిల్టర్ ఉన్నది సన్నని రేణువులను బాగా పట్టుకుంటుంది కానీ, కార్బన్ మోనాక్సైడ్‌ను తీయలేదు. పైగా సందులు తెరిచి ఉన్న ఇంట్లో పొగ వస్తూనే ఉంటుంది కాబట్టి దాని శ్రమ వృథా అవుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారో, పసిబిడ్డో ఉంటే, పడకగది ఒక్కదానికి కొనడంలో అర్థం ఉంది. మిగిలినవారు మూడు, నాలుగు మెట్లు పూర్తిచేసిన తర్వాతే ఆలోచించండి.

5. పొగ లేని వేళ వెళ్లి, ఒక్క మార్పు అడగండి.

పొగ కళ్లల్లో పడి మండుతున్నప్పుడు గుమ్మం దాటకండి. ఆ వేళ మీ నోట మంచి మాట రాదు. సాయంత్రం తీరికగా ఉన్నప్పుడు, కాంపౌండులో నలుగురూ లేనప్పుడు వెళ్లండి. “మీ పొగతో చస్తున్నాం, ఆపేయండి” అనే మాటకు ఎవరైనా ఎదురు తిరుగుతారు. ఎదుటివారు మరునాడే చేయగలిగిన ఒక చిన్న మార్పును ఎంచుకొని, అది మాత్రమే అడగండి. ఏ పొగకు ఏం అడగాలో కింద చెబుతున్నాను.

నీళ్లు కాచే కట్టెల పొయ్యి: ఇదే అన్నిటికంటే కష్టమైనది, ఎందుకంటే పెద్ద కుటుంబానికి స్నానాల నీళ్లు గ్యాస్ మీద కాస్తే సిలిండర్ నెల కూడా నిలవదు. కాబట్టి మానేయమని అడగకుండా, పొయ్యి చోటు మార్చమని అడగండి. “అక్కా, పాపకు ఆయాసం వస్తోంది. పొయ్యిని మెట్ల కింద నుంచి వెనక గోడ దగ్గరికి జరుపుకుంటారా? రాళ్లు మోయడానికి నేనూ వస్తాను” అంటే సాధారణంగా కాదనరు. చోటు మార్చడం కుదరకపోతే పొగ తక్కువ వచ్చేలా కాల్చే పద్ధతి చెప్పండి. సర్కారు తుమ్మ కట్టె పచ్చిగా ఉంటే పొగ విపరీతంగా వస్తుంది. దాన్ని సన్నగా చీల్చి, ఎండలో బాగా ఆరనిచ్చి, వాన పడని చోట పేర్చుకోవాలి. కట్టెల కింద ఇనుప కడ్డీలు వేసి గాలి ఆడేలా చేసి, బూడిదను రోజూ తీస్తే మంట నిలబడి పొగ తగ్గుతుంది. రాజేయడానికి ప్లాస్టిక్ కవర్లు, చెప్పు ముక్కలు వాడకుండా, ఎండిన కొబ్బరి పీచు వాడమనండి. వేరుశనగ పొట్టు ఒక్కసారిగా కుమ్మరిస్తే మంట అణిగి పొగ కమ్ముతుంది, కొంచెం కొంచెంగా వేయాలి. పొగ గొట్టం పెట్టించే వీలుంటే, దాని మూతి పై అంతస్తు కిటికీల కంటే ఎత్తులో ఉండాలి. కిటికీ మట్టానికి ఆపేస్తే పొగ పై వాటావారి నెత్తిన పడుతుంది.

విద్యుత్ రాడ్డు వాడితే 20 లీటర్ల బకెట్టు నీళ్లు 20 డిగ్రీలు వేడెక్కడానికి సుమారు అర యూనిట్ కరెంటు పడుతుంది. ఈ లెక్క చెబితే కొందరు చలికాలం వరకైనా మారతారు. ప్లగ్గు తీయకుండా నీళ్లు ముట్టుకోకూడదని తప్పక చెప్పండి. వంట కూడా కట్టెల మీదే చేసుకునే కుటుంబమైతే, దీపం-2 పథకం కింద అర్హులకు ఏడాదికి 3 ఉచిత సిలిండర్లు వస్తాయన్న సంగతి వారికి తెలుసో లేదో అడిగి, తెలియకపోతే వార్డు సచివాలయానికి తోడుగా వెళ్లండి. నా అనుభవంలో, ఒక గంట తోడు వెళ్లడం పది ఫిర్యాదులకంటే ఎక్కువ పని చేస్తుంది.

బీడీ, సిగరెట్: మానమని చెప్పే హక్కు మనకు లేదు, చెప్పినా మానరు. మెట్ల మీద, డక్టు పక్కన, మీ కిటికీ కింద కాకుండా, మిద్దె మీద గాలి పోయే మూలకు వెళ్లి కాల్చుకోమని అడగండి. “అన్నా, ఇక్కడ కాలిస్తే పొగంతా మా పడకింట్లోకి వస్తోంది, కొంచెం మిద్దెమీదికి పోతారా” అంటే చాలు. ఆయనే మానాలని అనుకుంటున్నట్లు చెబితే, ఉచిత సలహా ఇచ్చే జాతీయ నంబరు 1800-11-2356 ఇవ్వండి. అడగకుండా ఇవ్వకండి.

దోమల పొగ: కోడిగుడ్ల అట్టలు, వేపాకు కాల్చేవారికి దోమతెర, కిటికీ మెష్ మంచి దారి. కాంపౌండులో నిలిచిన మురుగు తీయించడానికి అందరూ కలిసి పూనుకుంటే దోమలతో పాటు పొగ కూడా తగ్గుతుంది.

చెత్త తగలబెట్టడం: దీనికి మాత్రం మొహమాటం అక్కరలేదు. ఆరుబయట చెత్త కాల్చడం నిషేధం. ఆరుబయట మామూలుగా చెత్త కాల్చినవారికి 5,000 రూపాయల పరిహారం వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. ముందు ఒకసారి మంచిగా చెప్పండి, రెండోసారి వార్డు సచివాలయంలోని శానిటేషన్ కార్యదర్శికి చెప్పండి.

భోగి మంట, గృహప్రవేశంలో హోమం వంటి ఏడాదికొకసారి వచ్చే పొగను చిట్టాలో రాయకండి, అడగకండి. ఆ ఒక్క రోజు పిల్లలను బంధువుల ఇంటికి పంపండి. అలాంటి వాటి మీద కూడా తగాదా పడితే, రోజువారీ పొగ గురించి మీరు చెప్పే మాటకు విలువ పోతుంది.

6. పది రోజుల్లో మార్పు లేకపోతే ఓనరుకు రాసి ఇవ్వండి.

నోటిమాటగా చెప్పింది ఓనరుకు గుర్తుండదు, మీ దగ్గర ఆధారమూ ఉండదు. ఒక పేజీకి మించకుండా కాగితం మీద రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో కూడా పంపండి. ఇలా రాయవచ్చు: “నేను మీ ఇంట్లో ఫలానా వాటాలో బాడుగకు ఉంటున్నాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు 14 రోజుల్లో 11 రోజులు ఉదయం ఆరు నుంచి ఏడున్నర వరకు మెట్ల కింది పొయ్యి పొగ మా గదుల్లోకి వచ్చింది. చిట్టా జతచేశాను. పొయ్యిని వెనక గోడ వద్దకు మార్పించవలసిందిగా, లేదా మెట్ల వైపు వెంటిలేటర్‌కు అద్దం బిగించడానికి అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.” రెండు మార్గాలు చూపించి, వాటిలో ఒకటి ఓనరుకు ఖర్చు లేనిదిగా ఉండేలా చూసుకోండి. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే డాక్టరు చీటీ నకలు జతచేయండి. పక్క వాటావారి గుణగణాల గురించి ఒక్క మాట కూడా రాయకండి, ఆ కాగితం వారి చేతికి చేరుతుందనుకొనే రాయండి. కోపంతో బాడుగ ఆపడం పెద్ద తప్పు. అప్పుడు తప్పు మీ వైపు తిరుగుతుంది.

7. ఆ తర్వాత ఏ తలుపు తట్టాలి?

చట్టం ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ రాదో తెలుసుకొని వెళ్లండి. బహిరంగ ప్రదేశాల్లో ధూమపానాన్ని నిషేధించే 2003 నాటి పొగాకు చట్టం, 200 రూపాయల వరకు జరిమానా, ఇవి పక్కింటాయన తన గదిలో కాల్చే సిగరెట్‌కు వర్తించవు. దాన్ని పట్టుకొని పోలీస్ స్టేషన్‌కు వెళితే మాట్లాడి పంపేస్తారు.

పొగ హోటల్ నుంచో, బొరుగుల బట్టీ నుంచో, బేకరీ నుంచో వస్తుంటే పరిస్థితి వేరు. నగరపాలక సంస్థ ఆరోగ్య విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకుని, 1100 నంబరులో దాని స్థితి కనుక్కోండి. పదిమంది ఆరోగ్యానికి హాని చేసే వ్యాపారాన్ని నియంత్రించమని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవో వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను కోరవచ్చు. ఈ సెక్షన్ ఒక్క ఇంటి బాధకు కాదు కాబట్టి వీధిలోని నాలుగైదు ఇళ్ల సంతకాలు పెట్టించండి.

ఇంటి పొగ విషయంలో నేను సూచించేది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది, 15100కు ఫోన్ కూడా చేయవచ్చు. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిపించి రాజీ కుదర్చడం దాని పనుల్లో ఒకటి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం.

8. ఫలితం సరిచూసుకోండి.

మీ ముక్కును నమ్మకండి. పొగలో అరగంట ఉంటే వాసన తెలియకుండా పోతుంది. బయటి నుంచి అప్పుడే వచ్చినవారిని అడగండి. మార్పు చేయకముందు వెంటిలేటర్‌కు ఒక తెల్ల గుడ్డ ముక్క కట్టి వారం ఉంచండి, మార్పు తర్వాత అదే చోట కొత్త ముక్కను వారం ఉంచి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పీఎం 2.5ను, అంటే గాలిలోని సన్నని రేణువులను కొలిచే చిన్న పరికరం ఉంటే ఒకే చోట, ఒకే వేళ, ఫ్యాన్ ఒకే తీరుగా ఉంచి కొలవండి. బయటి గాలిలో 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించకూడదన్నది మన దేశ ప్రమాణం. పరికరం చూపే అంకెను కాకుండా, మార్పుకు ముందు అంకెకు, తర్వాత అంకెకు ఉన్న తేడానే చూడండి. అగరుబత్తి వెలిగించిన గంట లోపల కొలిస్తే ఆ అంకె మీ పొగదే.

తేడా లేకపోతే రెండో మెట్టుకు తిరిగి వెళ్లండి. ఒక దారి మూస్తే మరో దారి తెరుచుకోవడం మామూలే.

9. ఇల్లు మారవలసి వస్తే.

పసిబిడ్డ, గర్భవతి, ఉబ్బసం రోగి ఉన్న ఇంట్లో, రెండు నెలల ప్రయత్నం తర్వాత కూడా పొగ తగ్గకపోతే, పట్టుదలకు పోకుండా మారండి. అగ్రిమెంటులో ఎన్ని నెలల ముందు చెప్పాలని ఉందో చూసి, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, మీరు అంటించిన పట్టీలు తీసి గోడలు శుభ్రం చేసిన ఫోటోలు ఉంచుకోండి.

కొత్త ఇంటిని మధ్యాహ్నం చూసి అడ్వాన్సు ఇవ్వకండి. ఉదయం ఆరున్నరకు ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి వెళ్లండి. మెట్ల కింద గోడకు మసి ఉందా, బాత్‌రూమ్ వెంటిలేటర్ జాలీకి వేలు రాస్తే నల్లగా అంటుతోందా, మిద్దెమీద బీడీ ముక్కలు ఎక్కడ పడి ఉన్నాయి అనేవి చూడండి. పడమర వైపు వాటాలో పొయ్యి ఉందేమో కనుక్కోండి. ఖాళీ చేసి వెళ్తున్నవారు దొరికితే, “పొద్దున కిటికీలు తెరిచి పెట్టుకునేవారా, అక్కా?” అని అడిగి, వారు ఆ కిటికీకి ఏం అంటించి ఉన్నారో ఒకసారి చూడండి.